బేస్ పెంచినవాడే హంతకుడు

జమ్మలమడుగులో ఒక రాడార్ శాస్త్రవేత్త పెళ్లి విందులో జిలేబీ కొరుకుతూ కుర్చీలోనే పోయాడు. పులివెందులలో అదే ప్రాజెక్టు మనిషి మరొకాయన గృహప్రవేశంలో పోయాడు. ఇద్దరూ పోయింది బేస్ బాక్సు పక్కనే. డాక్టర్లు గుండెపోటన్నారు. ఆ మోతకి ఆగకపోతే అది గుండె కాదు, గుండు అనుకున్నాడు ఏజెంట్ జోయల్.

గండికోట లోయ అంచున సెల్ఫీ తీసుకుంటున్నట్టు నటిస్తూ చీఫ్ హఫీజ్ బ్రీఫింగ్ ఇచ్చాడు.

"విదేశీ ముఠా. బాక్సులో విషవాయువు గొట్టం పెడతాండారు. పాట అడుగున నలభై హెర్ట్జ్ దగ్గర సన్నగా ఒక మోత కలుపుతారు. మామూలుగా వేస్తే ఏమీ కాదు. బేస్ బూస్ట్ ఫుల్లుగా పెడితేనే గొట్టం తెరుచుకుంటాది."

"ఫుల్లుగా పెట్టేదెవరు సార్? వాళ్ల ఏజెంటా?"

"ఏజెంటెందుకప్పా? మనోళ్లు లేరా?"

జోయల్‌కి విషయం వెలిగింది. ముఠా మన రహస్యం ఒక్కటీ దొంగిలించలేదు. మన టేస్టు కనిపెట్టింది, అంతే. హంతకుడికి ఇవ్వాల్సిన కిరాయి కూడా వాళ్లకి మిగిలింది.

"తర్వాతి టార్గెట్ అదే ప్రాజెక్టు సైంటిస్టు సుందరం సార్. ప్రొద్దుటూరులో బంగారం షాపు గురుప్రసాద్ కూతురి రిసెప్షన్‌కి వస్తాండాడు. ఏ పాటో, ఏ బాక్సో రూప చెప్తాది," అన్నాడు హఫీజ్.

రూప రిసెప్షన్ యాంకరమ్మ. ముఠా జీతం, మన భత్యం, రెండూ తీసుకునే డబుల్ ఏజెంట్.

సాయంత్రానికి జోయల్ నల్ల టీషర్టు వేసి, సౌండ్ ఆపరేటర్‌గా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. రెండు పాటలు కాకముందే పెళ్లికూతురి తండ్రి గురుప్రసాద్ ఊడిపడ్డాడు.

"ఏందప్పా, పాట వేస్తాండావా, ప్రార్థన చేస్తాండావా? బేస్ యాడుంది?"

జోయల్ ఈక్వలైజర్ చూపించాడు. "ఈ ఎడమ పక్క స్లైడర్లు డోలు మామా. నడిమివి గొంతు. కుడి పక్కవి తాళాలు, అదే ట్రెబుల్. అన్నీ నడిగీత మీదుంటే పాడినోళ్లు పాడినట్టే వినిపిస్తాది."

"అయితే అన్నీ పైకి తొయ్!"

"అన్నీ తోస్తే ఏదీ తోసినట్టు కాదు. వాల్యూమ్ పెరుగుతాది, అంతే. ఇంకా తోస్తే శబ్దం మొన తెగి బర్రుమంటాది."

"ఆ బర్రే కావల్ల!"

ఈయనకి ఈక్వలైజరెందుకు, వేదిక పక్కన ఒక బర్రెను కట్టేస్తే పోయేది అనుకుని జోయల్ అటు తిరిగాడు. మెరుపుల చీరలో రూప పక్కగా వస్తోంది.

"ట్రెబులా?" అంది రూప.

"ట్రబులే." కోడ్ కలిసింది.

ఆమె చిరునవ్వు చెదరకుండా గొణిగింది. "ఇప్పుడు మోగేదే ఆ పాట. ఎడమ బాక్సు. మూత తీసినా, మధ్యలో పాట ఆపినా గ్యాస్ వదుల్తాది. చివరిదాకా ఆడితే దానంతటదే నిద్రపోతాది. ఆ మోత ఆఖరి చరణంలో వస్తాది."

"సుందరం సార్‌ని ఆ బాక్సు పక్కనుంచి లేపి తీసుకుపోతే?"

"బాక్సు ముందర చిందులేస్తాండే పిల్లోళ్లో?"

ఆఖరి చరణం మొదలైంది. జోయల్ ఎడమ చివరి స్లైడర్లను అడుక్కి లాగాడు. మోత తగ్గలేదు! టేబుల్ మీద నీళ్ల గ్లాసు వణుకుతూనే ఉంది. అప్పుడు చూశాడు. తాను అటు తిరిగినప్పుడు గురుప్రసాద్ ల్యాప్‌టాప్ తెర మూలనున్న బేస్ బూస్ట్ నొక్కి ఫుల్లుకి లాగేశాడు. స్లైడర్ పన్నెండు డెసిబెల్స్ దించుతుంటే, బూస్ట్ అదే పన్నెండు ఎక్కిస్తోంది. అంటే తగ్గింది సున్నా.

జోయల్ బూస్ట్ కట్టేశాడు. గ్లాసు నిలకడైంది.

"ఎవడురా బేస్ తీసింది?" గురుప్రసాద్ చెయ్యి ల్యాప్‌టాప్ మీదికొచ్చింది. వెనకాల తమ్ముళ్లిద్దరు, వెడల్పుగా. కొట్లాటకు దిగితే పాట ఆగుతుంది. ఆయన్ని వదిలేస్తే పిల్లల ఊపిరి ఆగుతుంది.

జోయల్ ఆ చేతిని మర్యాదగా పట్టుకుని పక్కనున్న మిక్సర్ చివరి నాబ్ మీదికి మళ్లించాడు. ఆ నాబ్‌కి కింద వైరే లేదు.

"ల్యాప్‌టాప్‌ది ఉత్తుత్తిది మామా. అసలు బేస్ ఇదీ. మీ చేత్తోనే పెంచండి. మెల్లగా, బాక్సులు పగుల్తాయి!"

ఉంగరాల వేళ్లు నాబ్‌ని తిప్పాయి. కాస్త. ఇంకాస్త. ఫుల్లు. గురుప్రసాద్ కళ్లు మూసుకుని గుండె మీద చెయ్యేసుకున్నాడు.

"ఇదప్పా బేస్ అంటే! శానా బాగుంది! ఈడ తగుల్తాంది చూడు!"

తమ్ముళ్లు తలలూపారు. "అదిరిందన్నా!"

పాట అయిపోయింది. ఎడమ బాక్సు కిక్కురుమనలేదు. దాన్ని మోసుకుపోదామని వచ్చిన ముఠా మనుషుల్ని హఫీజ్ బృందం భోజనాల పందిరి వెనక వ్యాన్ ఎక్కించింది.

గురుప్రసాద్ జోయల్ భుజం చరిచాడు. "రెండో బిడ్డ పెండ్లికీ నువ్వే రావల్ల. ఇదే బేసు, ఒక్క చుక్క తగ్గగూడదు!"

జోయల్ మొహం చిట్లించుకుని వైర్లు చుట్టడం మొదలెట్టాడు. మన జనానికి బేస్ కావాలని ముఠా కనిపెట్టింది. అది ఉందో లేదో మన జనానికి తెలియదని మాత్రం కనిపెట్టలేకపోయింది.