ఎడమ బూటులో ఆరబెట్టిన బ్యాండ్

ఆ చెప్పుల షాపు వెనక గోడౌన్ పేరెత్తితేనే పనివాళ్లు మాట మార్చేస్తారు. పొద్దు గూకాక అందులో ఒంటరిగా తిరిగినవాళ్లు లేరు... అక్కడి సరుకు చూసుకునే స్టోరు తాత ఒక్కడు తప్ప. ఆయన పోయి ఏడాదైంది.

బతికున్నన్నాళ్లూ ఏ సైజు అడిగినా కళ్లు మూసుకుని తెచ్చేవాడట తాత. ఎడమ కాలు కాస్త ఈడ్చేవాడు. షట్టరు దించాక ఇప్పటికీ రాక్‌ల మధ్య అదే చప్పుడు వినిపిస్తుందంటారు — టక్... జర్ర్... టక్... జర్ర్...

అలాంటి చోటికి ఒంటరిగా వెళ్లాల్సి వచ్చింది ఎవరికనుకున్నారు? తన నీడ చూసి తానే జడుసుకునే సేల్స్‌మేన్‌కి. భార్య మీద భయం దెయ్యం మీద భయాన్ని మించితే మనిషి ఎక్కడికైనా వెళ్తాడు.

సంగతేమిటంటే, అతని భార్యకీ అతని అక్కకీ నెలంతా నడక పోటీ. ఒక్కరోజు లక్ష్యం తప్పినా ఓడినట్టే. ఓడినవాళ్లు చుట్టాలందరి ముందూ 'నీ ముందు నేనెంత' అని ఒప్పుకోవాలి. అసలే వదినామరదళ్లిద్దరూ ఉప్పూ నిప్పూ. తీరా నెలాఖరు ముంచుకొచ్చాక భార్యకి కాలు బెణికింది. అడుగులు లెక్కపెట్టే బ్యాండ్ తన చేతినుంచి తీసి మొగుడి చేతికి తొడిగింది.

"ఈ మూడు రోజులూ నా బదులు మీరు నడవండి. మీ అక్క ముందు నన్ను తల దించుకోనివ్వకండి."

తొడిగిన పూటే అది తియ్యకుండా స్కూటర్ కడిగాడు మహానుభావుడు. అద్దం లోపల ఆవిరి పట్టి, తెర నల్లబడి, బ్యాండ్ గుడ్లు తేలేసింది.

ఫోన్లు బాగుచేసే స్నేహితుడు నాలుగు చీవాట్లు పెట్టి, ఛార్జింగ్ పెట్టొద్దన్నాడు. బియ్యంలో అసలే వద్దు, పిండి దూరుతుందన్నాడు. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే, తేమ పీల్చే సిలికా పొట్లాల మధ్య కదపకుండా ఉంచమన్నాడు. చెప్పుల షాపులో పొట్లాలకేం కరువు? పట్టపగలే గోడౌన్ చివరి రాక్‌లో ఓ కొత్త ఎడమ బూటు నిండా పొట్లాలు కూరి, మధ్యలో బ్యాండ్ దాచి, పెట్టె మూసేశాడు. నడకంతా షాపులోనే సాగుతోందనీ, బ్యాండ్ అక్కడే ఉంచుతున్నాననీ ఇంట్లో కోతలు కోశాడు.

ఆఖరి రోజు సాయంత్రం భార్య ఫోన్ చేసింది. వదిన అప్పుడే నడక ముగించేసిందట, బ్యాండ్ తెస్తే తన లెక్క ఫోన్‌లోకి ఎక్కించాలట. షట్టరు సగం దించేశారు. తోడు రమ్మంటే అందరికీ ఒక్కసారే ఇంటి పనులు గుర్తొచ్చాయి.

గోడౌన్‌లో స్విచ్ నొక్కాడు... లైటు వెలగలేదు.

ఫోన్ టార్చి పట్టుకుని రాక్‌ల పక్కనే నడిచాడు. రబ్బరు వాసన. రెండు వైపులా అట్టపెట్టెలు. అప్పుడు—

టక్... జర్ర్...

తన అడుగేనేమో అని ఆగాడు. అది ఆగలేదు.

టక్... జర్ర్... టక్... జర్ర్... చివరి రాక్ దాకా వెళ్లి... ఆగింది.

"తాతా," అన్నాడు, "నా వస్తువు నేను తీసుకుపోతా."

బుర్ర్ర్...

పెట్టె మూత గడగడలాడింది. సందులోంచి ఆకుపచ్చ వెలుగు.

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా భార్య మొహం తలుచుకుని మూత లాగాడు. బూటు లోపల బ్యాండ్ వెలుగుతోంది. తెర మీద అక్షరాలు — 'శభాష్! ఈరోజు లక్ష్యం పూర్తయింది.'

ఓస్, ఇంతేనా! తడి ఆరి లేచింది, తిక్క లెక్క చూపిస్తోంది. అతనికి నవ్వొచ్చింది. నవ్వడానికి మాత్రం అక్కడ నిలబడలేదు, బూటుతో సహా ఇంటికి పరుగో పరుగు.

భార్య మంచం మీద కాలు చాపుకుని బ్యాండ్‌ని ఫోన్‌కి కలిపింది. మూడు రోజులూ లక్ష్యం నిండింది. ఆమె మొహం వెలిగిపోయింది, అంతలోనే కనుబొమలు ముడిపడ్డాయి.

"నిన్నా మొన్నా నడకంతా అర్ధరాత్రేంటి? అప్పుడు మీరు నా పక్కనే గురక పెడుతున్నారుగా?"

ఇక దాచలేక స్కూటర్ సంగతి కక్కేశాడు. తడికి దాని బుర్ర చెడిందన్నాడు. ఆమె బూటు అందుకుని బోర్లించింది. పొట్లాలు మంచం మీద రాలాయి. ఎవరో తొక్కినట్టు చదునుగా నలిగి, లోపలి గింజలు పొడైపోయాయి. బూటు అడుగు చూసింది. ఒక్కసారైనా అమ్మకానికి తియ్యని కొత్త బూటు... ఈడ్చి ఈడ్చి ఒక పక్కకి అరిగిపోయి ఉంది.

అతనికి చెమటలు పట్టాయి. ఆమె అతని దగ్గరికి వంగి గొంతు బాగా తగ్గించింది.

"వచ్చే నెల కూడా బ్యాండ్ అక్కడే పెట్టండి."