నలభై రెండు పొట్లాల విందు

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి చిన్నారావు ఫోన్ మోగింది.

“నీళ్లలో ఉప్పెక్కువగా వస్తోంది,” అంది అవతలి ఆడగొంతు.

“ఫిల్టర్ క్యాండిల్ మార్చాలి,” అన్నాడు చిన్నారావు. అని, కాఫీ గ్లాసు కింద పెట్టి తలుపు గడియ వేశాడు.

రాయపూర్‌లో చిన్నారావు ఎవరని అడిగితే వాటర్ ఫిల్టర్ల డీలరు అంటారు. అమ్ముతాడు కూడా, పాపం మంచి సర్వీసే ఇస్తాడు. అంతకు ముందు పదిహేనేళ్లు వంశధార అనే యుద్ధనౌకలో పనిచేశాడు. అసలు ఉద్యోగం మాత్రం ఏ బోర్డు మీదా పేరు రాయని ఒక ఢిల్లీ ఆఫీసులో. ఫోన్ చేసిన నళిని ఆ ఆఫీసులో అతని బాస్. ఉప్పు, క్యాండిలు వాళ్ల సంకేతం.

“మీ ఓడవాళ్ల కలయిక ఇవాళే కదా?”

“అవును మేడం. మధ్యాహ్నం భోజనాలు, తెలీబంధాలో. మెరైన్ డ్రైవ్ పక్కన ఫంక్షన్ హాలు.”

“సముద్రం లేని ఊళ్లో మెరైన్ డ్రైవా?”

“చెరువే మేడం. ఊరివాళ్ల ముచ్చట.”

“సరే, విను. టార్గెట్ మురళీమోహన్.”

మురళీమోహన్ అంటే ఆ కలయికని ఏర్పాటు చేసిన మనిషి. ఓడలో పదేళ్లు చిన్నారావు పక్క బంకు మంచం మీదే పడుకున్నాడు. రిటైరయ్యాక నేవీ ల్యాబ్‌లో కొన్నాళ్లు కాంట్రాక్టు పని చేసి, ఇప్పుడు సిల్తారాలో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ మేనేజరుగా ఉన్నాడు.

“మనిషికి గొంతున్నట్టే ప్రతి సబ్‌మెరైన్‌కీ ఒక చప్పుడుంటుంది,” నళిని గబగబా చెప్పుకుపోయింది. “ల్యాబ్‌లో ఉన్నప్పుడు ఒకదాని చప్పుడు రికార్డింగ్ కాపీ కొట్టాడు. విదేశీ ముఠా ఒకటి కొంటోంది. అది వాళ్ల చేతికి చిక్కితే ఆ సబ్‌మెరైన్ ఏ సముద్రంలో దాక్కున్నా గుర్తుపడతారు. ఈ సాయంత్రం వైజాగ్ నుంచి బయల్దేరుతోంది.”

“ప్రయాణం ఆపించలేమా?”

“ఇవాళ ఆపినా చప్పుడు మారదుగా?”

“ఇప్పుడే వెళ్లి మురళీని పట్టుకుంటే?”

“నిన్న ప్లంబర్ల వేషంలో వాళ్లిల్లంతా వెతికించాను. ఏమీ దొరకలేదు. చేతులు మారేటప్పుడే పట్టుకోవాలి. కలయికలో పంచే కానుకల్లో పెట్టి ఇస్తాడని అవంతిక కబురు పంపింది. తీసుకునేది ఎవరో ఆమెకీ తెలీదట.”

అవంతిక బొంబాయి నుంచి వచ్చిన ఈవెంట్ కంపెనీ యాంకర్. చూసిన కళ్లు పక్కకి తిరగవు. ముఠా మనిషిగా ఉంటూ, ఏడాదిగా నళినికి కబుర్లు అందిస్తోంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన మనిషిని నమ్మడం చిన్నారావుకి మొదటినుంచీ ఇష్టం లేదు, కానీ అతని ఇష్టాన్ని ఢిల్లీలో ఎవరూ అడగలేదు.

పది గంటలకల్లా హాలు చేరాడు. వాటర్ కూలర్ బాగుచేసే నెపంతో స్టేజి వెనక్కి దూరాడు. బల్ల మీద నలభై రెండు పొట్లాలు పేర్చి ఉన్నాయి. ఒక్కో దాంట్లో చెక్క ఫోటో ఫ్రేమూ, పాత ఫోటోలు ఎక్కించిన పెన్‌డ్రైవూ. పైన రంగు కాగితం, దాని మీద జనపతాడు, షాపువాడు వేసిన వంకర ముడి. ఆఫీసు ఇచ్చిన డిటెక్టర్ పెన్ను తీసి ఒక్కోదాని మీద తిప్పాడు. నలభై రెంటికీ నలభై రెండుసార్లూ కీచుమంది. అన్నిట్లోనూ పెన్‌డ్రైవ్ ఉంటే అది మాత్రం ఏం చేస్తుంది? ఆ పెన్ను కనిపెట్టినవాణ్ణి మనసులో నాలుగు తిట్టుకుని జేబులో పెట్టుకున్నాడు.

పన్నెండుకి హాలు నిండింది. పొట్టలు పెరిగిన పాత నావికులు, పట్టుచీరల్లో భార్యలు, ఫోన్లలో తలలు పెట్టిన పిల్లలు. భిలాయ్ నుంచి కొందరు, ధర్సీవా నుంచి కొందరు, రైలెక్కి విశాఖ నుంచి కొందరు వచ్చారు. ఒకళ్లనొకళ్లు వాటేసుకోవడం, వీపులు చరుచుకోవడం. మురళీమోహన్ తెల్ల సఫారీలో గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పేరుపేరునా పలకరిస్తున్నాడు.

“ఏట్రా చిన్నా, ఇంత ఆలిస్యం? నువ్వొచ్చీదాకా భోజనాలు పెట్టొద్దన్నాను క్యాటరింగోడికి.”

“కూలర్ లీకవుతోందిరా, సరిచేసేను.”

“పనిలోడివే నువ్వు. ఫంక్షన్‌లో కూడా పానీవాలా పనే,” అని నవ్వి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడున్నంతసేపూ చిన్నారావుకి బల్లి పడ్డట్టు ఒళ్లు జలదరించింది.

అప్పుడే రూతమ్మ వచ్చింది. ఆమె భర్త జోసెఫ్ వంశధారలో ఎలక్ట్రీషియను. ఐదేళ్ల కిందట గుండెనొప్పితో పోయాడు. ఆమె రైల్వే ఆస్పత్రిలో నర్సు. జోసెఫ్ పోయాక ఆ ఇంటికి పెద్దదిక్కుగా నిలబడింది మురళీమోహనే. కొడుకు ప్రవీణ్ చేత నేవీ పరీక్ష రాయించిందీ, ట్రైనింగుకి రైలెక్కించిందీ అతనే.

“మురళన్నయ్యా, పిల్లోడు నిన్న రాత్రి ఫోన్ చేశాడండి,” అంది రూతమ్మ. “కొన్నాళ్లు ఫోనుండదమ్మా, కంగారుపడకు అన్నాడు. ఎక్కడికిరా అంటే నవ్వి ఊరుకున్నాడు. మీరే చెప్పాలి, భయం లేదు కదా?”

ప్రవీణ్ ఏ సబ్‌మెరైన్‌లో పనిచేస్తాడో ఆ హాల్లో ఇద్దరికి తెలుసు. ఒకడు చిన్నారావు. రెండోవాడు పళ్లెంలోంచి జిలేబీ ముక్క తుంచి రూతమ్మ చేతిలో పెట్టాడు.

“భయమేటమ్మా, నా మేనల్లుడు వాడు. సింహంలా ఎళ్లి సింహంలా వస్తాడు. ముందు నోరు తీపి చేసుకో.”

రూతమ్మ కళ్లు తుడుచుకుని జిలేబీ నోట్లో వేసుకుంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లని చిన్నారావు తన సర్వీసులో చాలామందినే చూశాడు. కానీ లెక్కపెట్టిన వాసాలు పీకుతూ, ఆ ఇంటి ఆడకూతురికే మిఠాయి పెట్టేవాణ్ణి చూడటం ఇదే మొదలు. థూ, ఏం బతుకురా ఇది అనుకుని చేతిలో పళ్లెం అక్కడే వదిలేశాడు.

భోజనాలయ్యాక ప్రసంగాలు. మురళీమోహన్ మైకు పట్టుకుని దేశం గురించి, జెండా గురించి పావుగంట మాట్లాడాడు. మధ్యలో గొంతు పూడుకుపోయింది. నిజంగానే పూడుకుపోయింది, నటన కాదు. చిన్నారావుకి అన్నిటికన్నా రోత పుట్టించింది అదే. ముసలి నావికులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పక్కవాళ్లు చూస్తారని చిన్నారావూ కొట్టాడు.

“చలియే, ఇప్పుడు గిఫ్ట్స్!” అంది అవంతిక మైకులో. నీలం చీర, చెవులకి ముత్యాలు. పేర్లు పిలుస్తుంటే మురళీమోహన్ స్వయంగా పొట్లాలు అందించాడు. అందరికీ ఇచ్చాక చివరిది అవంతికకే ఇచ్చి నమస్కారం పెట్టాడు.

చిన్నారావు కళ్లు చేతుల మీదే ఉన్నాయి. కానుకలో అసలు పెన్‌డ్రైవ్ పెట్టాలంటే షాపు ముడి విప్పి మళ్లీ కట్టాలి. కట్టేది ఓడమనిషి. ఓడమనిషి చెయ్యి వంకర ముడి వేయమన్నా వేయదు. ఓడ తాళ్లకి వేసినట్టు చదునుగా, బిగువుగా రీఫ్ ముడే పడుతుంది. పొద్దున్న లేని రీఫ్ ముడి ఇప్పుడు ఎవరి పొట్లం మీదుంటే వాడే కొనేవాడు.

మూడో వరసలో కనబడింది. బట్టతల పెద్దమనిషి ఒళ్లో పొట్లం, పైన చక్కని రీఫ్ ముడి. చిన్నారావు అటు రెండడుగులు వేశాడో లేదో, పక్క కుర్చీలో ఇంకోటి. దాని వెనక మరోటి. ఏమిటా అని చూస్తే విషయం బోధపడింది. షాపువాడి ముడి చూసి ఒక్క ముసలాడికీ చెయ్యి ఊరుకోలేదు. “ఇదేం ముడిరా, ఆవుని కట్టినా నిలవదు” అని గొణుక్కుంటూ ఎవరికి వాళ్లు విప్పి మళ్లీ కట్టుకుంటున్నారు. ఇరవై ఏళ్లయింది ఓడ దిగి, బుద్ధి మాత్రం దిగలేదు. చూస్తుండగానే హాలంతా రీఫ్ ముళ్లే అయ్యాయి.

చిన్నారావు అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. రూతమ్మ దగ్గరకొచ్చి, “అన్నయ్యా, గ్రూప్ ఫోటో అంటున్నారు, రండి. ప్రవీణ్‌కి పంపిస్తాను, ఎప్పుడు చూసుకుంటే అప్పుడు చూసుకుంటాడు,” అంది.

“వస్తానమ్మా,” అన్నాడు. అంటూనే స్టేజి వైపు చూశాడు. అవంతిక మైకు స్టాండు మీద పెట్టి, హ్యాండ్‌బ్యాగు, పొట్లం చేతిలోకి తీసుకుంటోంది. ఆ పొట్లం మీద కూడా రీఫ్ ముడే ఉంది.

ముసలాళ్లంటే చెయ్యి ఊరుకోక కట్టుకున్నారు. ఇందాక చెప్పు స్ట్రాపు ఊడితే క్యాటరింగ్ కుర్రాడి చేత పెట్టించుకున్న ఈ బొంబాయి అమ్మాయికి రీఫ్ ముడి ఎవరు నేర్పారు? పైగా ఇప్పటిదాకా మైకు చేతిలోనే ఉంది, పొట్లం విప్పిందీ లేదు, కట్టిందీ లేదు. మురళీమోహన్ ఇచ్చినప్పుడే ఆ ముడి దాని మీదుంది.

కొనేవాడు ఎవరో తనకి తెలీదని కబురు పంపిన మనిషే కొనేది. ఆఫీసు కళ్లు హాల్లో పొట్లాల మీదుంటే తను దాటిపోవచ్చనే ఆ కబురు.

అవంతిక వంటశాల వైపు తలుపు తీసుకుని వెళ్లింది. చిన్నారావు నలుగురిని తోసుకుంటూ వెనకే పరుగెత్తాడు. వంటశాల వెనక వరండాలో ఆమె ఒక్కతే ఉంది. కాగితం చింపి కింద పడేసింది. పెన్‌డ్రైవ్ అప్పటికే ఫోనుకి గుచ్చింది.

“అవంతికా, ఫోన్ ఇటివ్వు.”

“చిన్నారావ్‌జీ, మీ డిపార్ట్‌మెంట్ పనే చేస్తున్నా,” అంది నవ్వుతూ. వేలు మాత్రం ఫోను మీదే ఉంది. “కాపీ తీసి నళిని మేడంకి పంపిస్తున్నా, అంతే.”

“మేడం అడగలేదు కదా.”

వేలు కదిలింది. చిన్నారావు ఎగిరి పెన్‌డ్రైవ్ పట్టుకుని లాగేశాడు. ఫోను తెర మీద ఫైలు వెళ్లడం మొదలుకాకముందే ఆగిపోయింది. అవంతిక మోచేత్తో అతని ముక్కు మీద ఒక్కటిచ్చింది. కళ్లు బైర్లుకమ్మేలోగా అతని పిడికిట్లోంచి పెన్‌డ్రైవ్ గుంజుకుని, పక్కనున్న ఎంగిలి టబ్బులోకి విసిరేసింది.

“అబ్ ఢూండో, వెతుక్కో,” అంది. “అది లేకపోతే మీ దోస్త్ ఒక ఫోటో ఫ్రేమ్ ఇచ్చిన ముసలాడు, అంతే. నేను యాంకర్‌ని.”

వరండా చివర క్యాటరింగ్ ఏప్రన్లలో ఉన్న ఇద్దరు వచ్చి ఆమె చేతులు పట్టుకున్నారు. వాళ్లు నళిని మనుషులు, పొద్దుటినుంచీ పూరీలు వేయిస్తున్నారు. చిన్నారావు టబ్బు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. రెండువందల మంది వదిలేసిన పప్పు, రాయితా, నమిలి ఊసిన ఎముకలు, కరిగిన ఐస్‌క్రీమ్, దాంట్లో తేలుతున్న టూత్‌పిక్‌లు. నీళ్లు ఎన్ని వందల ఇళ్లలో శుభ్రం చేశానో, నా ఖర్మకి ఇదా అనుకుంటూ చొక్కా చెయ్యి మడుచుకోవడం కూడా మరిచి భుజం దాకా పెట్టేశాడు. రెండుసార్లు వాంతి గొంతు దాకా వచ్చింది. మూడోసారి కలిపినప్పుడు వేళ్లకి తగిలింది.

తిరిగి చూసేసరికి గుమ్మంలో మురళీమోహన్ నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తుటిచుక్క లేదు.

“చిన్నా, చప్పుడేరా అది. ఉత్త చప్పుడు,” అన్నాడు. “దాంతో ఎవుడికేటి అయిపోద్ది?”

“ప్రవీణ్ అందులో ఉన్నాడని నీకు తెలుసు కదరా?”

అతను తలవంచుకున్నాడు. “తెలుసు. ఇప్పుడు యుద్ధమేం లేదు కదా అనుకున్నాను. పదిహేనేళ్లు చేస్తే ఒక గోడగడియారం ఇచ్చి పంపించేరు మనల్ని. వీళ్లు నన్ను సార్ అన్నారు, హోటల్లో లేచి కుర్చీ వేసేరు.”

చిన్నారావుకి ముక్కులోంచి నెత్తురు కారుతోంది, చేతినుంచి పప్పు కారుతోంది. ఎంగిలి కంపు కంటే ఆ మాటే ఎక్కువ కంపు కొట్టింది.

లోపల్నుంచి రూతమ్మ గొంతు వినబడింది. “మురళన్నయ్యా, మీకోసమే ఆగాం. మధ్యలో కుర్చీ మీదే.”

“ఒక్క ఫోటో దిగనీరా,” అన్నాడు మురళీమోహన్. చేతులు జోడించాడు. “ఆళ్లకి ఇప్పుడే తెలీకూడదు. ఫోటో దిగి నీ వెనకే వచ్చేస్తాను. ఓడ మీద ఒట్టు.”

చిన్నారావు ఆ జోడించిన చేతుల వంక చూశాడు. పదేళ్లు పక్క బంకులో పడుకున్న మనిషి. జ్వరమొస్తే తడిగుడ్డ వేసిన చేతులవి. సరేనందామని నోటిదాకా వచ్చింది.

“వద్దు,” అన్నాడు. “ఆ ఫోటో ప్రవీణ్ చూస్తాడు.”

మురళీమోహన్‌నీ అవంతికనీ ఎక్కించుకుని వెనక గేటు నుంచి బండి వెళ్లిపోయాక, చిన్నారావు కుళాయి కింద చెయ్యీ మొహమూ కడుక్కుని హాల్లోకి వచ్చాడు. అందరూ వరసల్లో సర్దుకుని ఉన్నారు. మధ్య కుర్చీ ఖాళీగా ఉంది.

“మురళన్నయ్యేరండీ?” అంది రూతమ్మ.

“అర్జెంటు పనొచ్చిందమ్మా, వెళ్లిపోయాడు. నువ్వు కూర్చో అక్కడ. కొడుక్కి తల్లి కదా కనబడాలి.”

రూతమ్మ మొహమాటపడుతూనే కూర్చుని పైట సర్దుకుంది. చిన్నారావు వెనక వరస చివర నిలబడ్డాడు. పక్కనున్న ఆవిడ ముక్కు మూసుకుని రెండడుగులు జరిగింది. ఫోటోగ్రాఫర్ నవ్వమంటే, చాలా కష్టపడి నవ్వాడు.

ఐదింటికి నళిని ఫోన్ చేసింది. సబ్‌మెరైన్ సరిగ్గా టైముకే బయల్దేరిందని చెప్పింది.

“మీవాళ్ల కలయిక ఎలా జరిగింది?”

“బాగానే జరిగింది మేడం. ఒకడు నీళ్లలో పడ్డాడు.”

“అయ్యో. తాడు వేయలేకపోయావా?”

“పడితే వేసేవాణ్ణి మేడం,” అన్నాడు చిన్నారావు, కంపుకొడుతున్న చొక్కా విప్పి బకెట్లో పడేస్తూ. “దూకాడు.”