రొయ్యల హెన్రీ సాక్ష్యం

“ఇది ఎస్సే కాదు, చర్చిలో చెప్పే సాక్ష్యం!”

అబిగయీలు ఆ కాగితాలు తిరిగి హెన్రీ చేతిలో పెట్టేసింది. అల్లూరు చర్చిలో ఆరాధన అప్పుడే ముగిసింది. బయట సన్నగా వాన. వరండాలో అందరూ కలిసి తినే ప్రేమవిందుకు బల్లలు వేస్తున్నారు.

“ఏం, బాగలేదా?” అన్నాడు హెన్రీ దిగులుగా.

హెన్రీ పెట్టుకుంటున్న ఎంబీఏ సీటు దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది. మీరు ఎదుర్కొన్న వ్యక్తిగత సవాలు ఏది? సాయంత్రం ఆరింటికి గడువు. అబిగయీలు నెల్లూరులో ఇంగ్లీషు టీచరు. ఎస్సే దిద్దించుకోవడం హెన్రీకి సాకు, ఆమె పక్కన కూర్చోవడం అసలు సంగతి. ఆ సంగతి ఆమెకు ఎప్పుడో తెలుసు. తెలియనట్టు ఉండటం ఆమెకు సరదా.

“తుపాను వచ్చింది, గట్లు తెగినాయి, ప్రభువు లేవనెత్తినాడు... అంతా ఆయనే చేసినాడు గదా! నువ్వేం చేసినావు? ఇట్ట పంపితే సీటు దేవుడికొస్తాది, నీకు రాదు.”

“చిన్నప్పట్నించీ విన్నది అదే గదా అబీ. కష్టం అని రాయగానే చెయ్యి దానంతటదే ఆమేన్ దాకా పోతాది.”

“రెండో కాగితంలో రాసింది ఇంకా బాగుండాది. వీధిదీపం కింద చదువుకున్నావా నువ్వు? మీ ఇంట్లో గదికో ఏసీ ఉండాది.”

“కరెంటు పోతే ఏసీ ఆడదు గదా!”

“అప్పుడు వీధిదీపం మాత్రం వెలుగుతాదా?”

హెన్రీ ఆ కాగితం మడిచి జేబులో దాచేశాడు.

నిజానికి అతనికొక కష్టం ఉంది. అది అప్పుడే గిన్నెలో పొగలు కక్కుతూ వరండాలోకి వచ్చింది. అబిగయీలు తల్లి రెబెక్కమ్మ వండిన రొయ్యల కూర.

హెన్రీ తండ్రి లాజరస్‌కు ఊళ్ళో అందరికంటే పెద్ద రొయ్యల గుంటలున్నాయి. వాటిని ఇప్పుడు చూసుకునేది హెన్రీయే. అలాంటివాడు పోయిన ప్రేమవిందులో, “మీ కూర నాకు పడదు ఆంటీ” అన్నాడు. అంతే. ఆవిడ మూతి ముడుచుకుంది. తన కూరంటే పడదన్నవాడి పేరు మళ్ళీ ఇంట్లో ఎత్తనివ్వలేదు. ఎత్తాలని అబిగయీలుకు ఎంత ఆశ ఉన్నా సరే.

ఇవాళ అందరూ తినడానికి కూర్చోగానే ఆవిడ నేరుగా హెన్రీ ఆకు దగ్గరికే వచ్చింది.

“ఈసారైనా మా కూర పడతాదా, పెద్దింటాయనా?” అంటూ రెండు గరిటెలు వడ్డించి, ఎదురుగానే నిలబడింది.

హెన్రీ చెయ్యి కడుక్కొస్తానని కుళాయి దగ్గరికి పారిపోయాడు. వెనకాలే అబిగయీలు వచ్చింది. ఈసారి కళ్ళలో సరదా లేదు.

“మా అమ్మ వంటంటే అంత చులకనా నీకు?”

“అయ్యో, నాకు రొయ్యలు పడవు అబీ! ఒక్కటి తిన్నా మూతి వాస్తాది. ఒళ్ళంతా దద్దుర్లు.”

అబిగయీలు ఒక్క క్షణం చూసి, పకపకా నవ్వింది. “ఆ పడకపోవడమా! ఆ రోజే ఇట్ట చెప్పొచ్చు గదా?”

“పక్కనే రొయ్యలు కొనేవాళ్ళు కూచోనుండారు. పెంచేవోడే తినడంటే గుంటల్లో ఏం మందు కొట్టినాడో అనుకోరా?”

“మరి నీ సరుకు రుచి నీకెట్ట తెలుస్తాది?”

“తినేవాళ్ళని అడుగుతా. పనివాళ్ళని, హోటలోళ్ళని. బాగలేదంటే మేత మారుస్తా. నాకే తెలుసులే అనుకోడానికి నాకు దారే లేదు గదా.”

ఆమె నవ్వు ఆగిపోయింది. “హెన్రీ, ఇదే నీ ఎస్సే.”

“పరువు పోతాది అబీ.”

“నోటితో చెప్పలేనిది కాగితం మీద ఎట్ట రాస్తావు? ముందు మా అమ్మకి చెప్పు, అందరి ముందూ.” ఆమె వాన వైపు తిరిగి మెల్లగా అంది. “నా కోసం చెప్పు.”

హెన్రీకి వ్యాపారం, పరువు అన్నీ ఆ ఒక్క మాటలో కొట్టుకుపోయాయి. తిన్నగా వరండాలోకి నడిచాడు.

“ఆంటీ, మీ కూర వాసనకే నోరూరతాది. నా ఒంటికే రొయ్యలు పడవు. చిన్నప్పట్నించీ ఇంతే.”

విందుకు పిలిస్తే వచ్చిన రొయ్యల వ్యాపారి కామాక్షయ్య ముద్ద పట్టుకుని తలెత్తాడు.

“అందుకా అబ్బయ్యా, ప్రతిసారీ రుచి ఎట్టుందని మమ్మల్ని పీక్కు తినేది! మా మాట చెవినేసుకునే రైతువి నువ్వొక్కడివే. ఏదీ, ఇంకో గరిటె వెయ్యమ్మా.”

రెబెక్కమ్మ కామాక్షయ్యకు వడ్డించకుండా గబగబా హెన్రీ ఆకు తీసేసి కొత్తది వేసింది.

“ముందే చెప్పొద్దా నాయనా! చేపల పులుసు పడతాదా?”

“పడతాది ఆంటీ.”

“మామిడికాయ పప్పు?”

“పడతాది.”

ఆవిడ కుళాయి దగ్గరే ఉన్న కూతురి వైపు ఒక చూపు చూసింది. “మరి మా అబిగయీలు?”

హెన్రీ ముఖం ఎర్రబడింది, ఒక్క రొయ్య కూడా తినకుండానే. నోట్లోనే ఏదో గొణిగాడు.

“సాక్ష్యం గట్టిగా చెప్పాలి!” అంది కుళాయి దగ్గర్నుంచి అబిగయీలు.

“పడతాది ఆంటీ!”

“ఆమేన్!” అంది వరండా అంతా.

అబిగయీలు వచ్చి అతని జేబులో పెన్ను దోపింది. “తిని రాయడం మొదలుపెట్టు, ఆరింటికి గడువు. మన సంగతి మాత్రం అందులో రాయొద్దు.”