తెల్ల మిరియాల తొట్టి

పొయ్యిమీద బంగాళదుంప సూపు కుతకుతలాడుతోంది. రోజూ మొదటి గిన్నె తాగే మాస్టారు, రెండు చెంచాలు తాగి గిన్నెను వెనక్కి తెచ్చి వంటగది కిటికీలో పెట్టారు.

"ఏమీ అనుకోకండమ్మా. పశువుల కొట్టం వాసన వస్తోంది."

ఈ వారంలో ఇలా వెనక్కి వచ్చిన గిన్నెల్లో ఇది మూడోది. ఆ చిన్న హోటలుకు పేరు తెచ్చిందే తెల్ల మిరియాల పొడి. పండిన మిరియాలను పెరట్లో తొట్టిలో నానబెట్టి, తొక్క రుద్ది తీసి, ఎండబెట్టి ఇంట్లోనే చేసుకుంటారు. నానే నీళ్ళు మార్చడానికి లెక్కంటూ లేదు. అత్తగారు వంగి వాసన చూసి "ఇవాళ మార్చండి" అంటేనే మారతాయి. ముప్ఫై ఏళ్ళుగా అదే పద్ధతి. రుద్దడం, ఆరబెట్టడం, పొడి కొట్టడం కోడలి పని. ఈ మధ్య రుద్దేటప్పుడు కంపుగా ఉంటోందని ఆమె రెండుసార్లు అంది కూడా. "నానిన మిరియం అత్తరు వాసన కొడుతుందేమిటి" అని అత్తగారు కొట్టిపారేసింది.

ఇప్పుడు అదే అత్తగారు, మాస్టారికి వినబడేలా, "సరిగ్గా ఆరకుండానే డబ్బాలో పోసుంటుంది" అంది.

"మూడు రోజులు డాబామీద ఎండాయి అత్తయ్యా. పంటికింద టక్కున విరిగాకే పోశాను."

గల్లా దగ్గర నుంచి మొగుడు లేచి వచ్చాడు. వచ్చి ఏం చేశాడు? డబ్బా మూత తీసి చూశాడా? పెళ్ళాన్ని ఒక్క మాట అడిగాడా? అదేమీ లేదు.

"రేపట్నుంచి నువ్వు గల్లాలో కూర్చో. పొయ్యి అమ్మ చూసుకుంటుంది" అన్నాడు.

పరాయి మనిషి ముందు అన్నాడు ఆ మాట. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆరేళ్ళు ఆవిరిలో చేతులు కాల్చుకుంటే దక్కిన గరిటె అది. అబద్ధమో నిజమో చూడకుండా ఒక్క నిమిషంలో లాగేసుకున్నారు.

మర్నాడు తెల్లవారగానే, గల్లాలో కూర్చోమన్నా వినకుండా కోడలు పెరట్లోకి వెళ్ళింది. పది అడుగుల దూరంలోనే కుళ్ళు కంపు కొట్టింది. అత్తగారు మాత్రం తొట్టిమీదకి వంగి, ముక్కు నీళ్ళకి తగిలేంతగా పెట్టి, నిదానంగా ఊపిరి పీల్చింది.

"బాగానే ఉంది. రేపు మార్చొచ్చు."

"ఇది బాగుండడమా? నన్ను పొయ్యి దగ్గర నుంచి తరమడానికి సరుకంతా పాడుచేసుకుంటారా?"

"నువ్వా నాకు నేర్పేది?"

కేకలు విని మొగుడు పరుగున వచ్చాడు. గుమ్మం దాటకుండానే అరచెయ్యి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. "అబ్బ, ఏమిటమ్మా ఈ కంపు?"

అత్తగారు కొడుకు ముఖం చూసింది. కోడలి ముఖం చూసింది.

"వస్తోందా?" అంది, పిల్లలు అడిగినట్టు.

కొడుకు తలూపాడు.

"ఆ జ్వరం తగ్గినప్పట్నుంచి నాకేమీ తెలియట్లేదురా. సబ్బు వాసన లేదు, మాడు వాసన లేదు. ఇవాళో రేపో తిరిగొస్తుందిలే అనుకున్నా."

"రెండు నెలలయింది జ్వరం తగ్గి" అంది కోడలు. "తెలిసీ నామీదకి తోశారు."

"చెబితే మూల కూర్చోబెడతారని భయమేసిందే. ఈ పని తప్ప నాకేం వచ్చు?"

కొడుకు గొంతు సవరించుకున్నాడు. "సరేలే అమ్మా, రేపట్నుంచి నువ్వే గల్లాలో కూర్చో."

అప్పుడు తిరిగింది కోడలు.

"ఆగండి. నిన్న నన్ను కూర్చోమన్నారు, ఇవాళ మీ అమ్మని. ఎవర్నైనా ఒక్క మాట అడిగారా? నోరు తెరిచి అడగడం మీకంత బరువా? ఆవిడమీద నాకు బోలెడు కోపముంది. అది నేనూ ఆవిడా తేల్చుకుంటాం. మధ్యలో మీ తీర్పులొద్దు."

అతను వెళ్ళి తొట్టికి ఓ పక్క చెయ్యి వేశాడు. ముగ్గురూ కలిసి తొట్టి వంచేశారు. డబ్బాలో పొడి కూడా పారబోశారు. ఆ పూట సూపు మిరియం లేకుండానే పొయ్యెక్కింది.

మాస్టారు వచ్చి కూర్చున్నారు. అత్తగారు చేతులు తుడుచుకుని నేరుగా ఆయన ముందుకు వెళ్ళింది. చుట్టూ నాలుగు బల్లల నిండా జనం ఉన్నారు.

"మాస్టారూ, నిన్న నేను అబద్ధం చెప్పాను. మా కోడలి తప్పేమీ లేదు. నా ముక్కు పనిచేయక, మిరియాలు నేనే కుళ్ళబెట్టాను. అది చెప్పడానికి సిగ్గుపడి ఆ పిల్లమీదకి తోశాను" అంది.

లోపల కోడలు గరిటె పట్టుకుని అంతా వింది. ఆమెకు కళ్ళు మసకబారాయి. జాలి కలిగింది, కోపమూ అలాగే ఉంది.

"అత్తయ్యా, ఇలా రండి. ఉప్పు చూసి చెప్పండి. ముక్కు పోతే పోయింది, నాలుక నిక్షేపంగా ఉందిగా."

అత్తగారు వచ్చి గరిటె అంచున ఉన్న చుక్క నాలుకమీద వేసుకుంది. చెంపలమీద కారుతున్న కన్నీళ్ళు తుడుచుకోకుండానే, "చాల్లేదు" అంది.

"నా కోపం ఇంకా పోలేదు, తెలుసా" అంటూ కోడలు ఉప్పు జాడీ ఆవిడ చేతికిచ్చింది.