బెల్టు పిలగాడు, జెల్లు పిల్ల

టప్పుమని తెగింది.

కృపాకర్ రెండు చేతుల్లో రెండు ముక్కలు మిగిలాయి, నీళ్ళలా తేటగా, చేపల్లా జారుతూ.

"ఏం చేసినవన్నా!" అక్కడ పరిశోధన చేస్తున్న నీలి గొంతు జనగామ కాలేజీ ల్యాబు దాటి వరండా దాకా వినిపించింది. "గది చేసేటందుకు నాలుగు దినాలు పట్టింది!"

"గట్టిగున్నదా లేదా అని చూసిన మేడం. మా చెల్పూర్ల బెల్టు జాయింటు గిట్లనే చూస్తం. ఒక్క గుంజు గుంజితే ఆగాలె."

అతను చెల్పూరు థర్మల్ ప్లాంటులో బొగ్గు మోసే బెల్టులకు అతుకులు వేసే పనివాడు. కాలేజీలో వస్తువులను సాగదీసి చూసే మెషీన్ మొరాయిస్తే, పని తెలిసినవాడని ప్రిన్సిపాల్ పిలిపించాడు. మెషీన్ మీద చెయ్యి వేయకముందే ఈ నిర్వాకం.

"గిది బొగ్గు మోసేది గాదు. ఎప్పటికన్న అరిగిన మోకాళ్ళల్ల పెట్టాలని చేస్తున్న జెల్లు." నీలి ఇంకో ముక్క తీసి, రెండు అంచులు పట్టుకుని మెల్లగా లాగింది. జానెడు ముక్క మూరెడైంది. "చూడు. లోపలంత నీళ్ళే. ఆ నీళ్ళను పట్టుకొని సన్నటి పోగుల వల ఉంటది. నిదానంగ గుంజితే పోగులు జరిగి సర్దుకుంటయ్. నీలెక్క గుంజితే సర్దుకునే టైమేది?"

కృపాకర్ జెల్లును చూడలేదు. ఆమె వేళ్ళను చూశాడు.

"సమజైందా అన్నా?"

"అయింది. జర గా అన్న అనుడు బంద్ చేస్తే ఇంకా మంచిగ సమజైతది."

మెషీన్ ఆ రోజే బాగైంది. అయినా వారపు సెలవు వచ్చినప్పుడల్లా అందులో ఏదో ఒక లోపం కనిపించేది, అతనికి మాత్రమే. పరకాల మీదుగా రెండు బస్సులు మారి వచ్చేవాడు.

ఒకసారి నిజంగానే పనికొచ్చాడు. జెల్లు ఎప్పుడూ దాన్ని పట్టి ఉంచే మెషీన్ ఇనుప దవడల దగ్గరే తెగుతోందని నీలి తల పట్టుకుంది. "గాటు పడుతున్నది. గాటు పడ్డకాడి నుంచే చీలిక పోతది, బెల్టయినా గంతే" అని అతను పాత బెల్టు రబ్బరు కోసి దవడలకు మెత్తలు వేశాడు. ఆ రోజు నుంచి ముక్కలు నడిమికి తెగాయి, లెక్కలు కుదిరాయి. 'అన్న' కూడా ఎక్కడో జారిపోయింది.

నిదానం అనే పాఠం మాత్రం అతనికి మరీ ఒంటబట్టింది. నాలుగు నెలలైనా మనసులో మాట నోటిదాకా రాలేదు.

ఆ శనివారం వాన. కిటికీ దగ్గర ఒక జెల్లు పట్టీకి నీళ్ళ సీసా వేలాడుతోంది.

"ఎప్పుడు తెగుతది?" అడిగాడు కృపాకర్.

"తెల్వదు. నిన్నటిసంది గట్లనే ఉన్నది." నీలి సీసానే చూస్తూ అంది, "మా బాపు మానుకోటల సంబంధం చూసిండు. ఐదు గంటలకు ఫోన్ చేస్తడు. ఔనో కాదో చెప్పాలె."

గోడ గడియారంలో నాలుగూ యాభై ఏడు. కృపాకర్ మెషీన్ వెనక, బిగించిన బోల్టునే మళ్ళీ బిగించాడు.

"పిలగాడు... మంచిగున్నడా?" అన్నాడు.

నీలి అతనివైపు చూసిన చూపుకు బెల్టు జాయింట్లయినా ఊడిపోతాయి.

అప్పుడే పట్టీ తెగి సీసా దభీమని పడింది. నీళ్ళన్నీ అతని చెప్పుల మీదికి.

"అరె! ఎవ్వరు ముట్టలే గదా? బరువు గూడ నిన్నటిదే!"

"లోపల ఒక్కొక్క పోగు తెగుకుంటనే ఉంటది. బయటికి కనవడది. మంచిగనే ఉన్నదనుకుంటరు అందరు." ఆమె సీసాను వదిలి అతని కళ్ళలోకి చూసింది. "ఆఖరికి ఒక్కపారే."

అది జెల్లు సంగతి కాదని తెలియడానికి ఇంజనీరింగ్ చదవనక్కర్లేదు.

"నీలీ, గా సంబంధం వద్దని చెప్తవా?"

"ఎందుకు చెప్పాలె?"

"నేనున్న గదా!"

"ఏడున్నవ్? నాలుగు నెలలసంది మెషీన్ ఎనకనే ఉన్నవ్."

"నిదానంగ గుంజుమన్నవ్ గదా..."

"గుంజుమన్న. అసలుకే పట్టుకోకుంట నిలవడుమన్ననా?"

కృపాకర్ మెషీన్ వెనక నుంచి ముందుకు వచ్చాడు. "నువ్వంటే నాకు పానం. నన్ను చేసుకుంటవా?"

ఆమె నోరు తెరిచేలోగా ఫోన్ మోగింది. నీలి స్పీకర్ పెట్టి, తమ తండా మాటలో గడగడా మాట్లాడింది. అర్థం కాని ఆ మాటల్లో కృపాకర్‌కు తన పేరు మాత్రం మూడుసార్లు వినిపించింది. ఆమె నవ్వుతూ ఫోన్ అతని చేతిలో పెట్టింది.

"నమస్తే... నేను కృపాకర్‌ను..."

"ఎరికే" అన్నాడు నీలి తండ్రి మంగీలాల్. "మీరు చర్చికి పోయేటోళ్ళు. మాది తండా. మీ అమ్మ ఏమంటది?"

"నీలి ముచ్చట చెప్పి చెప్పి మా అమ్మ చెవులు అరిగినయ్. ఆమెకు ఇష్టమే."

"మీ అమ్మకు చెప్పినవ్. మా పిల్లకు చెప్పనీకి ఇన్ని దినాలా?"

"తప్పయింది."

"పిల్ల సదువు ఆగద్దు."

"ఆగది. మాటిస్తున్న."

"సరే. మానుకోటోళ్ళకు నేను చెప్పుకుంట. రేపు మీ అమ్మను తోలుకొని రా."

ఇంతలో నీలి తల్లి తుల్సీబాయి ఫోన్ లాక్కుంది. "పిలగా, కోడికూర తింటవా, మేకకూర వండాల్నా?"

"ఏదైన సరే అత్తమ్మా."

నోరు జారాక గానీ తానేమన్నాడో అతనికి తెలియలేదు. ఆ వెంటనే ఆడవాళ్ళ నవ్వులు భళ్ళున లేచాయి. ఒక్క తుల్సీబాయి కాదు, తండా సగం ఫోన్ చుట్టూ కూర్చున్నట్టుంది.

నీలి చున్నీతో ముఖం కప్పుకుంది. "ఫోన్ పెట్టెయ్" అని గొణిగింది.

కృపాకర్ పెట్టలేదు.

"మేకకూరనే చెయ్యున్రి అత్తమ్మా" అన్నాడు, ఈసారి తెలిసే.