ఆమె నమిలిన అతిమధురం

"కొత్త సరుకంట. కొరికి చూడు," అంటూ యశ్వంత్ శెట్టి గోనెసంచిలోంచి ఒక అతిమధురం వేరు తీసి భార్యకు అందించాడు.

లాస్యమ్మ కొన విరిచి, లోపలి పసుపు రంగు చూసి, దవడన పెట్టుకుంది. ఆమె నమలగానే, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న శెట్టి నాలుక మీద రుచి పాకింది. ముందు మట్టి వాసన, వెనకే తీపి, చివర సన్నగా చేదు. అతడు కళ్ళు మూసుకున్నాడు. అతడి మొహం చూస్తూ ఆమె రసం గుటక వేసింది.

"చేదు నిలుస్తాంది. పాతది మనకు అంటగట్టినాడు," అన్నాడు.

"నోరు నాది, తీర్పు మీది. బాగుంది యాపారం!"

ప్రొద్దుటూరు బజారులో ఆ మూలికల అంగడికి వచ్చేవాళ్ళకు ఇది వింత కాదు. రుచివాహిక ఇప్పుడు ఇంటింటా ఉంది. ఉల్లిపొరంత పలచని రెండు పొరలు. తినేవారి నాలుక మీద పంపుపొర, తినకూడనివారి నాలుక మీద అందుపొర. చక్కెర జబ్బు తాతలు మనవళ్ళ నోటితో మైసూరుపాకు తింటున్నారు. పెళ్ళిళ్ళలో పథ్యం బంతి ఎత్తేశారు.

శెట్టికి కాలేయం గట్టిపడి కడుపులో నీరు చేరింది. డాక్టరు షాహీన్ అతడి కుడి పక్కటెముకల కింద కాలేయ కాపరి అనే చిన్న పరికరాన్ని అమర్చింది. ఒంట్లో నీరు పెరిగినా, ఉప్పు నిలిచినా అది ఆమెకు చెప్పేస్తుంది. ఉప్పు మానమంది. అతిమధురం అసలే వద్దంది.

"అది మందు కదా డాక్టరమ్మా! కాలేయానికి మంచిదని మా నాయన ఊరంతా అమ్మినాడు."

"మీ కడుపులో నీరు తీయడానికి నేను మాత్రలిస్తున్నాను. ఆ వేరు ఉప్పునూ నీటినీ ఒంట్లో పట్టి ఉంచుతుంది, పొటాషియాన్ని బయటికి తోసేస్తుంది. నా మాత్రలకు అది ఎదురు బేరం. తీపి పదార్థం తీసేసిన రకం ఒకటి ఉంది. అదైనా నన్ను అడక్కుండా ముట్టుకోకండి."

"అతిమధురంలో మధురం తీసేస్తే మిగిలిన 'అతి'ని ఎవరు కొంటారమ్మా?" అని శెట్టి నవ్వాడు గానీ, ఆ రోజు నుంచి వేరు ముట్టలేదు. వయసొచ్చినప్పటి నుంచి దవడన ఆ పుల్ల లేకుండా అతడు అంగడి తెరిచింది లేదు. సరుకు మంచి చెడ్డ చెప్పేదీ అదే, అతడికున్న ఒకే ఒక్క సరదా కూడా అదే. అందుకే ఉగాదికి రుచివాహిక కొన్నాడు. రుచి తన లాభం, కాలేయానికి నష్టం లేదు. ఇంత శుభ్రమైన బేరం జన్మలో చేయలేదనుకున్నాడు.

కొత్త సరుకు కొరికి చూసిన ఆ సాయంత్రమే లాస్యమ్మ పిప్పళ్ళ జాడీ దించబోయి, చేతుల్లో సత్తువ లేక అక్కడే బస్తా మీద కూలబడింది. లేపడానికి వంగిన శెట్టికి ఆమె కాళ్ళు కనిపించాయి. మెట్టెలు కండలోకి దిగిపోయి ఉన్నాయి.

"కాళ్ళేంది ఇట్లున్నాయి?"

"ఎండకులే."

"ఎండ నాకూ ఉంది కదే!"

డాక్టరు షాహీన్ పరీక్షలు చేసింది. రక్తపోటు బాగా పెరిగింది, పొటాషియం పడిపోయింది.

"నమిలి ఉమ్మేయమని వాహిక పెట్టె మీదే రాసి ఉంది కదమ్మా. మింగుతున్నారా?"

లాస్యమ్మ కొంగు సర్దుకుంది. "ఉమ్మితే రుచి తెగిపోతాది. అప్పుడు ఈయన మొగం ఎట్లా వాడిపోతాదో మీరు చూడలేదు."

"ఆయనకు కాపరిని పెట్టాం. ఆరోగ్యంగా ఉన్నారని మీ సంగతి ఎవరమూ చూసుకోలేదు," అంది డాక్టరు మెల్లగా. మందు రాసిచ్చి, వేరు ఆపేస్తే కొన్ని వారాల్లో అన్నీ సర్దుకుంటాయని చెప్పింది.

దారి పొడవునా శెట్టి ఆమె కాళ్ళే చూస్తూ వచ్చాడు. పాత సరుకును నాలుక కొసన పట్టేసేవాడికి, తన నష్టం రద్దు కాలేదనీ, పక్కనున్న మనిషి ఖాతాలోకి పోయిందనీ ఇన్నాళ్ళూ తెలియలేదు. ఇంటికి రాగానే రెండు పొరలూ డబ్బాలో పెట్టి మూత బిగించాడు.

మరునాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర లాస్యమ్మ ఆ డబ్బా తెచ్చి తెరిచింది.

"మళ్ళా ఎందుకే అది?"

"ఈసారి పంపేది మీరు, అందుకునేది నేను. మీ నాలుక ఒక్క పూట నాకియ్యండి."

అతడు వద్దన్నాడు. ఆమె వినలేదు. ఆ ఇంట్లో వండుతూ రుచి చూసే అలవాటు లేదు, ఎంగిలి అవుతుందని. ఉప్పు వేయకముందే అతడి పప్పు విడిగా తీసి, మిగిలినదాంట్లో ఉప్పు వేసుకుని తినేది. అతడి గిన్నెలోది ఆమె ఏనాడూ నోట పెట్టలేదు.

శెట్టి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. లాస్యమ్మ కంచం మీది చెయ్యి ఆగిపోయింది.

"ఇదా? రోజూ బాగుంది, బాగుంది అంటాండేది దీన్నా?"

అతడు తల దించుకున్నాడు. "బాగలేదంటే నువ్వు కూడా ఉప్పు మానేస్తావు. నాకు తెలీదా నీ సంగతి?"

ఆమె వాచిన కాళ్ళతోనే లేచి వంటింట్లోకి వెళ్ళింది. నిమ్మచెక్క, వేయించిన జీలకర్ర పొడి, కొత్తిమీర తెచ్చి అతడి కంచంలో కలిపింది. ఎదురుగా కూర్చుంది.

"ఊఁ, ఇప్పుడు తినండి."

తిన్నాడు.

"పులుపు చాలలేదు," అని ఇంకొంచెం నిమ్మరసం పిండింది. అతడు నమలడం ఆపి ఆమె మొహం చూశాడు.

"నమలండి, నాకు తెలియొద్దా?" అంటూ లాస్యమ్మ కళ్ళు మూసుకుంది.