రెండో చిమ్నీ

జూన్ 17, మంగళవారం సాయంత్రం 5:40. మధుసూదన్ కారు ఆపి, బురదలో నడిచే బూట్లు తొడుక్కున్నాడు. దక్షిణార్ధగోళంలో జూన్ అంటే నడి చలికాలం; అప్పటికే చీకటి పడింది.

పాపకూర ఊరు దాటాక పది నిమిషాల దూరంలో ఉన్న ఆ ఇటుకల ఫామ్‌హౌస్‌కు మంచి పేరు లేదు. దారిలో డెయిరీ కొట్టు నడిపే సుబ్బారావు అంకుల్ ముందే చెప్పాడు— "అందులో ఎవరూ రెండో చలికాలం చూడలేదోయ్. గోడలో ఎవరో ఉన్నారంటారు. పాలకని వచ్చి, ఇల్లు మారుతున్నామని చెప్పి పోయేవాళ్ళే అందరూ!"

మధుసూదన్ నవ్వేశాడు. పాత కట్టడాలు భూకంపానికి ఆగుతాయో లేదో తేల్చే ఇంజనీరు అతను. ఆ తర్వాత జరిగింది అతనే నాకు చెప్పాడు. ఇంటామె గిరిజను విడిగా అడిగాను. ఇద్దరి మాటా ఒక్కటే.

నూటయాభై ఏళ్ళ కిందట ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక రైతు కట్టుకున్న ఇల్లది. నట్టనడుమ తలుపు. ఎడమన ఎన్ని కిటికీలో కుడినా అన్నే. ఉత్తరం చివర ఒక చిమ్నీ, దక్షిణం చివర సరిగ్గా అలాంటిదే ఇంకొకటి. ఇటుకల మధ్య సిమెంటు లేదు— సున్నం.

గిరిజ, ఆమె భర్త ఆ ఇల్లు కొని మూడు వారాలైంది. భర్త ట్రక్కు తీసుకుని హామిల్టన్ వెళ్ళాడు. ఎనిమిది నెలల పాప మేడ మీద నిద్రపోతోంది. దక్షిణం చిమ్నీ ఉన్న గోడకే పాప పడుకునే కాట్ ఆనించి ఉంది.

"మూడు రోజులాయె అన్నా," పాప గదిలోకి తీసుకెళ్ళి గిరిజ గొంతు తగ్గించింది. "పొద్దుగూకితే చాలు... లోపల్నుంచి ఎవరో కొడ్తున్నరు."

"దెయ్యాలకు రిపోర్టు రాసుడు మాకు నేర్పలే గిరిజా."

"నవ్వకన్నా. పాపను ఈ గదిల పండబెట్టాల్నా, వద్దా? గంతే చెప్పు."

అతను చిన్న సుత్తి తీశాడు. పాత గోడను పరీక్షించే పద్ధతి అదే— ఇటుక మీద తట్టి, చెవి ఆనించి వినాలి. గట్టిది ఖణ్‌మంటుంది. డొల్లది బోలుగా పలుకుతుంది.

మూడుసార్లు తట్టాడు.

లోపల్నుంచి... మూడుసార్లు.

ప్రతిధ్వని అనుకున్నాడు. కానీ ప్రతిధ్వని అంత తీరిగ్గా రాదు. ఈసారి ఐదు తట్టి, వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు.

ఒకటి... రెండు... మూడు... నాలుగు... ఐదు.

సుత్తి కింద పెట్టాడు. ఇద్దరూ కదల్లేదు.

ఆరు.

అది సరిగ్గా పాప తల వెనక నుంచి వచ్చింది. చిటికెడు సున్నం పొడి దుప్పటి మీద రాలింది.

"పాపను కిందికి తీస్కపో."

"కింద సోఫా ఒక్కటే ఉన్నది. ఉత్తరం తల అయితది అన్నా! మా అత్తమ్మకు తెలిస్తే—"

"గిరిజా..." అతనిది గుసగుసే. "ఇప్పుడే."

బయట గాలి లేచింది. ఆమె గోడను చూసింది, పాపను చూసింది. పాపను ఎత్తుకుని మెట్లు దిగింది.

7:25కు, గాలివానలో, దక్షిణం చిమ్నీ పైకప్పును చీల్చుకుని ఆ గదిలోకి కూలింది. ఇటుకల కింద కాట్ ఎక్కడుందో కూడా తెలియలేదు. పాప మాత్రం సోఫాలో, ఉత్తరం తల పెట్టుకుని, ఏడుస్తూ లేచింది.

"పొగగొట్టం లోపల వదులైన ఇటుకలు ఒక్కొక్కటే రాలడం వల్ల చప్పుళ్ళు వచ్చి ఉండవచ్చు" అని మధుసూదన్ రిపోర్టులో రాశాడు. గిరిజ ఆ వాక్యం రెండుసార్లు చదివి, ఊపిరి పీల్చుకుంది.

తొమ్మిదో రోజు, శిథిలాలు తీస్తున్న తాపీ మేస్త్రీ మధుసూదన్‌కు ఫోన్ చేశాడు. దక్షిణం చిమ్నీ ఎన్నడూ పొగ వదల్లేదు. ఇంటి ముఖం రెండు వైపులా ఒకేలా కనబడాలని కట్టిన ఉత్తుత్తి చిమ్నీ అది. అడుగు నుంచి కొస దాకా ఇటుక మీద ఇటుక. లోపల ఏదైనా రాలడానికి గానీ, ఎవరైనా నిలబడడానికి గానీ... జానెడు ఖాళీ లేదు.